శనివారం ఇద్దరం, ఆదివారం ఒక్కడినే: రాజమండ్రి నుంచి కోనసీమ సైకిల్ ప్లాన్ చూసి చెప్పండి

పీజీ_రెండో_ఏడు:

పరీక్షలయ్యాక డిసెంబరు మూడో వారాంతంలో సైకిళ్ళ మీద కోనసీమ తిరగాలని అనుకుంటున్నామండి. శనివారం నేనూ, మా రూమ్మేటూ రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్తాం. వాడి ఇల్లు అక్కడే, రాత్రికి బస వాళ్ళింట్లోనే. ఆదివారం వాడు ఉండిపోతాడు. నేను ఒక్కడినే అంతర్వేది వెళ్ళి, సఖినేటిపల్లిలో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి నరసాపురంలో దిగి, రైల్లో రావాలని ఆలోచన.

నాది గేర్ల హైబ్రిడ్, 700×35 టైర్లు. వాడిది గేర్లు లేని 26 అంగుళాల బండి. ఇద్దరి వేగాలూ కలవవు, దారిలో చిరాకులు రాకుండా ఏం చెయ్యాలి? ఇంకోటి, హాస్టల్లో ఎప్పుడూ పదిమందిలో ఉండి, రోజంతా ఒక్కడినే గడపడం నాకు అలవాటు లేదు. ఆదివారం పెట్టుకున్నది అందుకే. మధ్యలో బోరు కొట్టి ఫోను పట్టుకుని కూర్చుంటానేమోనని అనుమానం.

గట్టుమీద:

శనివారం దారికి వంక పెట్టక్కర్లేదు, 65 కి.మీ. దాకా ఉంటుంది. ఆదివారం మాత్రం మార్చండి. అంతర్వేదికి వెళ్ళాలంటే రాజోలు వైపు చాలాసేపు 216 హైవేనే, ఆక్వా లారీల పక్కన తొక్కాలి. పైగా అవతల రైలు టైము. పొద్దున్నుంచి గడియారం చూస్తూ తొక్కేదానికి ఏకాంతం అని పేరెందుకండి?

బదులుగా అమలాపురం నుంచి ముక్తేశ్వరం వెళ్ళి, పంటు మీద గోదావరి గౌతమి పాయ దాటి కోటిపల్లిలో దిగండి. అక్కణ్ణుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం, మండపేట, ద్వారపూడి, రాజమండ్రి. డెబ్బైకి అటూ ఇటూ అవుతుంది. ఓపిక అయిపోతే ద్వారపూడిలో రైల్వే స్టేషనుంది. పంటుకి చిల్లర ఉంచుకోండి. రేవులో ఇసుక ఉంటే తొక్కొద్దు, నెట్టుకుంటూ నడవండి. తడి ఇసుక గొలుసులోకి వెళ్తే రోజంతా కరకరలాడుతుంది.

డెల్టాలో ఎత్తులు లేవు, వంతెనలే ఎత్తు. తొక్కేవాడికి అసలు కొండ గాలే. డిసెంబరులో ఈశాన్యం గాలి. అమలాపురం నుంచి కోటిపల్లి ఉత్తరానికి, కాస్త తూర్పుకి ఉంటుంది కాబట్టి దాదాపు ఎదురుగాలి. పొద్దున గాలి పడిపోయి ఉంటుంది, తొమ్మిదిలోపు గౌతమి దాటెయ్యండి. రామచంద్రపురం దాటి పడమరకి తిరిగాక అదే గాలి పక్కనుంచి కొంచెం తోస్తుంది. అందుకే ఈ దారి ఈ వైపు నుంచే బాగుంటుంది, తిప్పి తొక్కితే కాదు.

ఆ నెలలో పొద్దు అయిదున్నరకే వాలిపోతుంది. పొద్దున బ్యారేజీ మీద మంచు ఉంటే ముందూ వెనకా లైట్లు వెలిగించే వెళ్ళండి. లేవడానికి అలారం అక్కర్లేదు, ధనుర్మాసం కదా, గుడి మైకులే లేపుతాయి. బయల్దేరడమే కష్టం. స్నేహితుడి అమ్మగారికి రాత్రే చెప్పి ఉంచండి, లేకపోతే పెసరట్టు తినేదాకా గుమ్మం దాటనివ్వరు.

చైన్_నూనె:

దారి సంగతి పైన చెప్పారు. డిసెంబరులో సైకిల్‌కి ఇక్కడ వచ్చే ఇబ్బంది ఒకటుంది, బయట ఊళ్ళవాళ్ళకి తెలియదు. సార్వా (ఖరీఫ్) వరి కోతలు నడుస్తుంటాయి, రోడ్డు మీద గడ్డి పడి ఉంటుంది. ఒక్క పోచ వెనక గేరు చక్రాల్లో చిక్కుకుంటే పెడలు బిగుసుకుంటుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే గేరు ఊచల్లోకి వెళ్ళిపోతుంది, దాన్ని పట్టుకున్న హ్యాంగరు వంగుతుంది. వంగిన హ్యాంగరుకి పల్లెటూళ్ళో వైద్యం లేదు. పెడలు బరువెక్కిందనిపించగానే దిగండి, వెనక చక్రం పైకెత్తి పెడలు వెనక్కి తిప్పుతూ గడ్డిని చేత్తో లాగెయ్యండి. మీ స్నేహితుడి బండికి ఈ బాధే లేదు.

ధాన్యం ఆరబోసినచోట అంచుల్లో రాళ్ళు పెట్టి ఉంటారు. గింజల మీదుగా తొక్కొద్దు. రైతు తిడతాడు, తప్పు మీదే, పైగా వడ్ల మీద టైరు జారుతుంది.

గాలి 700×35కి 50–60 పీఎస్ఐ, 26 అంగుళాల టైరు లావుదైతే 35–45. తక్కువ గాలితో వంతెన అతుకు మీద గట్టిగా దిగితే ట్యూబు రిమ్ముకీ అతుక్కీ మధ్య నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ఒకటే చిల్లు ఉంటే అది ముల్లు. ఏటిగట్ల మీద సర్కారు తుమ్మ బాగా ఉంటుంది.

ముల్లయితే ముందు టైరు లోపల గుడ్డతో తడమండి, ముల్లు దొరక్కుండా ట్యూబు ఎక్కిస్తే అయిదు నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది. ట్యూబుని పొడిగా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనివ్వండి. అయిదు నిమిషాలు పట్టొచ్చు, కోనసీమ తేమలో ఇంకాసేపు. అందరూ తొందరపడేది ఇక్కడే, తడి మీద అతికిస్తే గాలి కొట్టగానే లేచిపోతుంది. ఎక్కించేటప్పుడు ట్యూబులో రెండు పంపులు గాలి ఉంచండి, టైరు కింద నలగదు.

సంచిలో ఇద్దరి సైజుల్లో ఒక్కో ట్యూబు, రెండు లీవర్లు, ప్యాచీలు, చిన్న పంపు, అలెన్ కీలు. మీ ట్యూబుది సన్నటి ప్రెస్టా వాల్వు అయితే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పడెయ్యండి, బైకు పంక్చరు షాపులో కూడా గాలి పట్టించుకోవచ్చు.

లాకుల_రేవు:

వేగాల గొడవకి మందు ఒకటే: నెమ్మదిగా వెళ్ళేవాడు ముందు, మీరు వెనక. బరువులన్నీ మీ బండి మీద. గంటకోసారి ఆగండి, ఆకలి వెయ్యకముందే తినండి. స్నేహితుల మధ్య దారిలో వచ్చే మాటా మాటా సగం ఆకలివల్లే. రావులపాలెం హైవే దగ్గర ఒకరి వెనక ఒకరు, కాలువ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే పక్కపక్కన. కొబ్బరిబొండాలు ఎన్ని తాగినా సరే, అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమట పట్టే రోజు ఉప్పేసిన మజ్జిగ కూడా పడాలి.

ఇక ఒక్కరే ఉండటం. అది ఆదివారం మొదలుపెట్టకండి, శనివారమే, ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల (కాలువ నీళ్ళని ఆపి వదిలే గేట్ల) దగ్గర మొదలుపెట్టండి. అక్కడ చెరో చోట అరగంట కూర్చోండి, మాట్లాడుకోవద్దు. షట్టరు కిందనుంచి నీళ్ళు నురగ కక్కుతూ వస్తాయి, నాలుగు బారలు పోయేసరికి నురగ విడిపోయి గుర్రపుడెక్క పక్కకి చేరుతుంది. చూడ్డానికి అంతకన్నా ఏమీ లేదు. పది నిమిషాలకి చెయ్యి జేబులోకి వెళ్తుంది, అక్కడ ఫోను ఉండకూడదు. తోడు కనిపిస్తూ ఉండగా ఇది తేలిక. మర్నాటికి కొత్త ఉండదు.

ఆదివారం ఫోను వెనక సంచిలో, అడుగున. స్నేహితుడికి రెండే ఫోన్లు చెయ్యండి: కోటిపల్లి రేవు దాటగానే ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి. రెండున్నర దాకా రాకపోతే వాడే చెయ్యాలి. ఈ ఒప్పందం ఉంటే మిగతా టైములో మనసు ఫోను వైపు లాగదు. ఇయర్‌ఫోన్లు వద్దు, లారీ హారను వినపడాలి.

ఇంకో మాట. కోనసీమలో మనుషుల్లేని చోటు వెతక్కండి, దొరకదు. టీ కొట్టు దగ్గర ఆగితే "మీరెవరి తాలూకండీ?" అని అడుగుతారు, ఊరూ పేరూ చెప్పేదాకా వదలరు. చెప్పండి, నవ్వండి, కదలండి. ఒంటరిగా ఉండాలంటే పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు. తర్వాత రోడ్డు ఊళ్ళదే.

పీజీ_రెండో_ఏడు:

కోటిపల్లి దారే ఖాయం చేశామండి. ఒక్క అనుమానం: పూతరేకులు ఆత్రేయపురంలో కొని సైకిల్ మీద అమలాపురం తీసుకెళ్ళొచ్చా? వాళ్ళింటికి ఉత్త చేతులతో వెళ్ళడం బాగోదు.

గట్టుమీద:

ఆయ్, తీసుకెళ్ళొచ్చు. అట్టపెట్టెలోవి తీసుకుని, వీపు సంచిలో బట్టల మధ్య నిలువుగా పెట్టండి. క్యారియరుకి కడితే కొత్తపేట చేరేసరికి పొడి మిగులుతుంది.