అప్‌డేట్: హీట్ పంపు మంచు తానే కరిగించుకుంటోంది

పాత ఏసీ భాగాలతో కట్టుకున్న హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి ఇంటిని వెచ్చబరిచే యంత్రం) బయటి కాయిల్ మీద, అంటే ఆ వేడిని లాగే గొట్టాల చుట్ట మీద, మంచు పేరుకుంటోంది, అది తనంతట తానే కరిగేలా చేయడం ఎలా అని ఇదివరకు అడిగాను. టైమర్ చాలన్నవారికీ, సెన్సర్లు పెట్టమన్నవారికీ కృతజ్ఞతలు. నేను రెండోదారి పట్టాను.

డబ్లిన్ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగేది తక్కువే. తేమతో బరువెక్కిన 2, 3 డిగ్రీల గాలే అసలు శత్రువు. గడ్డకట్టించే పొడి చలిలో ఇంత మంచు పట్టదు. గడియారాన్ని నమ్మితే పొడి రోజున కరెంటు దండగ.

ఆర్డునో బోర్డు (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్) రెండు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లను చదువుతుంది: ఒకటి కాయిల్ గొట్టానికి, ఇంకొకటి నీడలో బయటి గాలికి. కాయిల్ సున్నా కంటే దిగువన ఉండి, గాలి కన్నా 10 డిగ్రీలు చల్లబడితే ఫ్యాన్ ఆగి రివర్సింగ్ వాల్వ్ తిరుగుతుంది, అంటే గ్యాస్ ప్రవాహం తిరగబడి వేడి బయటి కాయిల్‌కే వస్తుంది. కాయిల్ 12 డిగ్రీలు చేరినా, 10 నిమిషాలు దాటినా కరిగించడం ఆగుతుంది. ఆ తరువాత 40 నిమిషాల దాకా మళ్లీ మొదలుకాదు. ఈ విరామం తీసేయమని ఎవరు చెప్పినా వినను; మాటిమాటికీ దిశ మారితే గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్ దెబ్బతింటుంది, దాని ఖరీదు నాకు తెలుసు.

కరిగిన నీరు అడుగు పళ్లెంలో మళ్లీ గడ్డకడుతోంది. దానికి హీటర్ తీగ తెప్పిస్తున్నాను.