అచ్చయిన వ్యాసంలో యూనిట్ తప్పు పడింది, జర్నల్‌తో ఎలా సరిచేయించుకోవాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, గుంటూరు):

అందరికీ నమస్కారం. ఇక్కడి మిర్చి యార్డు నుంచి తెచ్చిన ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) ఎంత ఉందో కొలిచి రాసిన మా వ్యాసం పోయిన నెలలో వచ్చింది. రెండో పట్టికలో కిలోకు ఇన్ని మైక్రోగ్రాములు అని ఉండాల్సిన చోట మిల్లీగ్రాములు అని పడింది. మేం పంపిన ఆఖరి ప్రతిలో సరిగానే ఉంది. యూరప్‌లో మిర్చికి మొత్తం అఫ్లాటాక్సిన్ల పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. ఇప్పుడు ఈ పట్టిక చూసినవాళ్లు మన సరుకు గురించి ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది. ఎడిటర్‌కి చెప్పి పీడీఎఫ్ మార్పించేస్తే చాలని ఒక సీనియర్ అంటున్నారు. మా గైడ్ గారేమో, కదిలిస్తే పేపర్ రిట్రాక్ట్ చేస్తారేమో (వెనక్కి తీసుకుంటారేమో), వదిలేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు (కాలేజీ లైబ్రేరియన్, విజయవాడ):

వదిలేయకండమ్మా. అంకె వెయ్యి రెట్లు పెరిగిపోయింది. రేపు ఎవరైనా నలుగురి ఫలితాలు కలిపి సమీక్షా వ్యాసం రాస్తే మీ పట్టికే ఎత్తి రాసుకుంటారు. టైప్‌సెట్టింగ్‌లో ఫాంట్ మారినప్పుడు మైక్రోకి వాడే ‘మ్యూ’ గుర్తు మిల్లీకి వాడే ‘ఎమ్’ అయిపోవడం పాత జబ్బే.

పీడీఎఫ్‌ను చప్పుడు లేకుండా మార్చడం మంచి జర్నళ్లు చేయవు, మీరూ అడగకండి. ఈపాటికే దించుకున్నవాళ్ల దగ్గర ఒక అంకె, సైట్‌లో ఇంకో అంకె ఉంటే ఏది నమ్మాలి? అందుకే విడిగా సవరణ ప్రకటన వేస్తారు. దానికి సొంత డీఓఐ (వ్యాసాన్ని గుర్తుపట్టే శాశ్వత సంఖ్య) ఉంటుంది, అసలు వ్యాసానికీ దానికీ మధ్య లింకు ఉంటుంది. కొన్ని జర్నళ్లు వ్యాసాన్ని కూడా సరిచేసి, ఏ తేదీన ఏం మారిందో అక్కడే రాస్తాయి.

ప్రచురణకర్త వల్ల వచ్చిన తప్పయితే ఎర్రాటమ్, రచయితలదైతే కారిజెండమ్ అనడం వాడుక. వైద్య, జీవశాస్త్ర వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ రెండింటినీ ఎర్రాటమ్ కిందే చూపిస్తుంది. పేరు సంగతి ఎడిటర్ చూసుకుంటారు.

మెయిల్ మాత్రం జాగ్రత్తగా రాయండి. వ్యాసం డీఓఐ, పట్టిక సంఖ్య, ఇప్పుడు ఏముంది, ఏముండాలి, దానివల్ల వ్యాసం తేల్చిన విషయాలు మారతాయా లేదా అన్నవి సూటిగా చెప్పండి. ఆమోదం పొందిన ప్రతి, అచ్చుకు ముందు సరిచూడమని మీకు వచ్చిన ప్రూఫ్ రెండూ జతచేయండి. ప్రూఫ్‌లోనే తప్పు ఉందేమో ముందే చూసుకోండి, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. సారాంశం, బొమ్మల కింది రాతలు, మిగతా పట్టికలు అన్నీ ఇప్పుడే వెతికి, దొరికినవన్నీ ఒకే సవరణలో అడగండి. సహరచయితలందరి సమ్మతి తీసుకోండి. పంపాల్సింది వ్యాసం తరఫున జర్నల్‌తో మాట్లాడే కరస్పాండింగ్ ఆథర్, అంటే బహుశా మీ గైడ్ గారే.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ సార్. అయితే గైడ్ గారి భయం పోవట్లేదు.

జవాబు (విశ్రాంత ఆచార్యుడు, గుంటూరు):

ఆయనకి ఈ మాట చూపించమ్మా. రిట్రాక్షన్ అనేది ఫలితాలనే నమ్మలేని పరిస్థితి వచ్చినప్పుడు. ప్రచురణ నైతికత మీద 1997 నుంచి పనిచేస్తున్న కోప్ సంస్థ మార్గదర్శకాలు కూడా, మిగతా వ్యాసం నమ్మదగినదై ఒక చిన్న భాగమే తప్పయితే సవరణ చాలనే చెబుతాయి. మీది అదే కేసు.

దీనికన్నా ఎంతో పెద్ద చిక్కు స్పెయిన్‌లోని ప్రెడిమెడ్ బృందానికి వచ్చింది. మధ్యధరా ఆహారం, గుండె జబ్బుల మీద వాళ్ల వ్యాసం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కొందరిని ఏ గుంపులో వేయాలన్నది యాదృచ్ఛికంగా జరగలేదని తర్వాత తేలింది. 2018లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, మళ్లీ విశ్లేషించి, అదే పత్రికలో తిరిగి ప్రచురించారు. అంతటి లోపాన్నే నలుగురి ముందూ పెట్టి సరిచేసుకున్నారు. యూనిట్ గురించి ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపరు. తెలిసీ ఊరుకున్నారని తర్వాత బయటపడితే మాత్రం చూపుతారు.

ఇంకోటి, గైడ్ గారు రాయకపోతే సహరచయితగా నువ్వే ఎడిటర్‌కి రాయవచ్చు. కానీ ముందు ఆయన్ని ఒప్పించు, అదే పద్ధతి.

ప్రశ్న అడిగినవారు:

తప్పకుండా సార్. థీసిస్ సబ్మిషన్ దగ్గర పడింది. ఈలోగా జర్నల్ స్పందించకపోతే?

జవాబు (కాలేజీ లైబ్రేరియన్, విజయవాడ):

థీసిస్‌లో సరైన యూనిటే వేసి, ప్రచురిత పట్టికలో పొరపాటు ఉందని, సవరణ కోరామని అడుగున ఒక వాక్యం రాయండి. ప్రకటన వచ్చాక వ్యాసంతో పాటు దాన్నీ ఉటంకించండి. జర్నల్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే అదే మెయిల్‌కు రిప్లైగా గుర్తు చేయండి, తర్వాత ప్రధాన సంపాదకుడికి, ఆపైన ప్రచురణ సంస్థకు. జర్నల్ కోప్ సభ్యురాలై ఉండి, వాళ్ల ఫిర్యాదు విధానం మొత్తం వాడినా పని కాకపోతేనే కోప్‌కి వెళ్లండి. మెయిళ్లన్నీ తేదీలతో దాచుకోండి.