క్రిమినాలజీ చదవాలని ఉంది, ఇంట్లో వద్దంటున్నారు

కర్నూలు_కుర్రాడు:
బీఏ సోషియాలజీ చివరి ఏడాది చదువుతున్నా. జైలుకెళ్లినవాళ్లలో మార్పు ఎలా తెస్తారన్నది చదవాలని ఉంది. నాన్నేమో “ఎస్సై పరీక్ష రాయరా, దొంగల గురించి చదివి ఏం చేస్తావ్” అంటున్నారు. పీజీ ఎక్కడ చేయొచ్చు? ముందు దేని మీద దృష్టి పెట్టాలి?

ఉద్యోగపర్వం:
నాన్న మాట విను తమ్ముడూ. గ్రూప్స్ కూడా రాయి.

ములాఖత్_అక్క:
పరీక్షలు రాసుకో, తప్పులేదు. కానీ అడిగింది అది కాదుగా.

ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో సోషల్ వర్క్ కింద క్రిమినాలజీ పీజీ ఉంది. వెల్లూరులో జైళ్ల అకాడమీ ఉంది కానీ అది ఉద్యోగంలో చేరినవాళ్లకు.

నేను విచారణ ఖైదీల కోసం పనిచేస్తాను. 2022 జాతీయ లెక్కల ప్రకారం మన జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు వీళ్లే. ఇంకా శిక్షే పడనివాళ్లను ఏం సంస్కరిస్తాం చెప్పు? బెయిలు వచ్చినా జామీను ఉండేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోతారు. ఊళ్లో ఫోన్ చేస్తే అన్నదమ్ములే “మాకు సంబంధం లేదు” అని పెట్టేస్తారు. నా రోజులో సగం ఆ ఫోన్లకే పోతుంది.

అందుకే ముందు చట్టం చదువు. బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ చూడు: ఇంతకుముందు ఏ నేరమూ రుజువు కానివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపితే బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు. ఒకటికి మించి కేసులున్నా కుదరదు. సెల్‌ఫోన్ దొంగతనాల కుర్రాళ్లు ఇక్కడే ఆగిపోతారు, రెండో కేసు ఉంటుంది కదా. తర్వాత 1958 ప్రొబేషన్ చట్టం. నేరం రుజువైనా, జైలుకు పంపకుండా సత్ప్రవర్తన బాండు మీద వదిలే వీలు అందులో ఉంది. నన్నడిగితే దాన్ని కోర్టుల్లో వాడాల్సినంత వాడట్లేదు.

కర్నూలు_కుర్రాడు:
థ్యాంక్స్ అక్కా. అనంతపురం ఓపెన్ జైలు చూడనిస్తారా?

ములాఖత్_అక్క:
రెడ్డిపల్లిదేనా? నడవడిక బాగున్న శిక్షాఖైదీలను అక్కడికి పంపుతారు, వ్యవసాయం చేస్తారు. ఒక్కడివే వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. మీ హెచ్ఓడీతో జైళ్లశాఖకు లెటర్ పెట్టించు, నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఫోన్లు బయటే ఇచ్చేయాలి. ఎవర్నీ “ఏం నేరం చేశావ్” అని మాత్రం అడక్కు.