స్లాప్‌స్టిక్ (పడడాలు, దెబ్బలతో నవ్వించే) యాక్షన్ కామెడీ చిన్నపిల్లలతో కలిసి చూడొచ్చా? మా ఇంట్లో ఇంకా తేలలేదు

ఇద్దరు_పిల్లల_అమ్మ

మొన్న అందరం కూర్చుని ఒక యాక్షన్ కామెడీ చూశాం. పేరు చెప్పను, చెప్తే చర్చంతా ఆ హీరో మీదకి పోతుంది. మొదటి గంట పడీపడీ నవ్వాం. ఒకడు నిచ్చెన భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతుంటే వెనకున్న వాళ్లందరికీ తగలడం, దాన్ని తప్పించుకోబోయి ఇంకొకడు నీళ్ల తొట్టిలో పడడం, అలాంటివి. తర్వాత గోదాంలో ఫైట్. అక్కడా నవ్వించే మ్యూజిక్కే, కానీ ఒకడి చెయ్యి తలుపు సందులో పెట్టించి మూడుసార్లు తలుపు వేస్తారు, వాడు అరుస్తుంటే హీరో ఫ్రెండు ఆ అరుపుకి తాళం వేస్తాడు.

మా అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. పదకొండేళ్ల పెద్దాడు నవ్వాడు. ఐదేళ్ల చిన్నది నవ్వలేదు, నేను నవ్వుతున్నానా లేదా అని నా మొహంలోకి చూసింది. ఆ రాత్రే వీడు చెల్లి వేళ్ల మీద డ్రాయరు మూయబోయాడు, పైగా "ఉత్తినే అమ్మా" అన్నాడు.

మా ఆయన మాట: "కామెడీయే కదా, రక్తం చుక్క కూడా చూపించలేదు, నువ్వే అనవసరంగా టెన్షన్ పడుతున్నావు." నాకు మాత్రం రక్తం చూపించకపోవడమే ఇబ్బందిగా అనిపించింది. మీరేమంటారు?

పాత_రీళ్లు

అమ్మా, నేను మీ ఆయన వైపే. ఆ పిల్లీ ఎలుకా కార్టూన్ 1940 నుంచి ఉంది, సుత్తులు, బాంబులు, రోలర్ కింద పడి కాగితంలా అయిపోవడం, అన్నీ చూస్తూనే మూడు తరాలు పెరిగాయి. అంతకుముందు మూకీల్లో చాప్లిన్, బస్టర్ కీటన్ చేసిందీ పడడం, తన్నడం, తన్నించుకోవడమే. ఆ సినిమాలు చూసి ఎవరూ రౌడీలు కాలేదు. మీ అబ్బాయి డ్రాయరు మూయబోవడం అన్నాచెల్లెళ్ల గొడవ, సినిమా చూడకపోయినా చేసేవాడే. దెబ్బ చూసి నవ్వడం మనిషికి కొత్త కాదు. పిల్లలకి అది కూడా దక్కకుండా చేస్తే ఇక చూడ్డానికి ఏం మిగులుతుంది?

బడిలో_పాతికేళ్లు

పాత రీళ్లు గారూ, "ఎవరూ చెడిపోలేదు" అని అంత గట్టిగా అనలేం. 1961లో బాండూరా అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు స్టాన్‌ఫర్డ్‌లో నర్సరీ వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక పెద్ద మనిషి గాలి బొమ్మని కొడుతుంటే చూసిన పిల్లలు, తర్వాత అదే బొమ్మని అదే పద్ధతిలో కొట్టారు. 1963లో సినిమాగా, కార్టూన్ వేషంలో చూపించినా దాదాపు అదే జరిగింది.

పాత_రీళ్లు

ఆ ప్రయోగం నాకూ తెలుసండి. కొడితే తిరిగి లేచి నిలబడేలా చేసిన బొమ్మ అది, దాన్ని కొట్టక ఏం చేస్తారు? బొమ్మని కొట్టడం వేరు, చెల్లి వేళ్లు నలపడం వేరు. పైగా ప్రయోగం చేసినవాళ్లు గమనించింది పిల్లలు వెంటనే ఏం చేశారని, ఆరు నెలల తర్వాత ఏమయ్యారని కాదు.

బడిలో_పాతికేళ్లు

ఒప్పుకుంటాను, అది నిజమైన లోపమే. కానీ ఈ తల్లి అడిగినదానికి దగ్గరగా వచ్చేది బాండూరాదే 1965 ప్రయోగం. అందులో కొట్టిన మనిషికి ఒక సినిమాలో మెప్పు, ఒకదానిలో చీవాట్లు, మూడోదానిలో ఏమీ లేదు. చీవాట్లు చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. ఏమీ జరగనిది చూసినవాళ్లు మాత్రం మెప్పు చూసినవాళ్లకి దగ్గరగా చేశారు. ఆ తర్వాత "చూసింది చేసి చూపిస్తే బహుమతి" అనగానే మూడు గుంపుల వాళ్లూ చేసి చూపించారు, అంటే నేర్చుకోవడం అందరూ నేర్చుకున్నారు. కామెడీలో దెబ్బకి ఫలితం ఉండదు, కొట్టినవాడికి పైగా చప్పట్లు. రక్తం లేకపోవడమే ఇబ్బంది అని ఆమె అన్నది అందుకే నాకు సబబనిపించింది.

శబ్దం_పని

నేను సౌండ్ ఎడిటింగ్ చేస్తాను, నాకు తెలిసిన వైపు నుంచి చెప్తా. స్లాప్‌స్టిక్ అనే మాటే ఒక కర్ర పేరు. ఇటలీలో పాత హాస్య నాటకాల్లో రెండు చెక్కల్ని కలిపి చేసిన కర్ర వాడేవాళ్లు, కొడితే పెద్ద చప్పుడు వస్తుంది, దెబ్బ మాత్రం పెద్దగా తగలదు. అంటే చప్పుడు ఎక్కువ, నొప్పి తక్కువ, ఆ సంగతి కొట్టేవాడికీ పడేవాడికీ చూసేవాడికీ ముగ్గురికీ తెలుసు. నవ్వు పుట్టేది ఆ తెలియడంలోంచే.

ఈ రోజుల్లో చాలా యాక్షన్ కామెడీల్లో ఇది తలకిందులైంది. ఎముక విరిగిన చప్పుడు నిజంగా విరిగినట్టే పెడతాం, అరుపు నిజమైన అరుపే ఉంచుతాం, పైన మాత్రం గంతులేసే మ్యూజిక్ పరుస్తాం. పెద్దవాళ్ల బుర్ర ఈ రెంటినీ విడదీసుకుంటుంది. ఐదేళ్ల పాపకి అరుపు ముందు వినిపిస్తుంది, అందుకే ఇది నవ్వాల్సిన విషయమా అని అమ్మ మొహం చూసింది. నా మటుకు నేను ఇంట్లో చేసే పరీక్ష ఒకటే. ఫైట్ వచ్చినప్పుడు రెండు నిమిషాలు తెర చూడకుండా శబ్దం మాత్రమే వింటాను. అది విని భయం వేస్తే చిన్నపిల్లల ముందు పెట్టను. నిచ్చెన సీను ఇలా వింటే టకటకలు, ధబ్‌మని పడడం, నీళ్ల చప్పుడు, అంతే. తలుపు సీను వినండి ఒకసారి.

సర్టిఫికెట్_చూస్తా

ఇంత తవ్వడం ఎందుకండీ, సర్టిఫికెట్ చూసుకుంటే పోలా? అమెరికాలో 1984లో పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలనే సర్టిఫికెట్) పెట్టింది, అంతకంటే తేలికైన పీజీ సినిమాల్లో హింస మరీ ఎక్కువైందని తల్లిదండ్రులు గోల చేసినందుకే కదా. మన దగ్గర కూడా 2023 సవరణతో యూఏని 7+, 13+, 16+ అని విడగొట్టారు.

బడిలో_పాతికేళ్లు

చూడాలి, తప్పకుండా చూడాలి, కానీ అది వయసు చెప్తుంది గాని ఆ సినిమాలో ఎవరిని చూసి నవ్వమంటున్నారో చెప్పదు. బలహీనుడు పొగరుబోతుని పడగొడితే వచ్చే నవ్వు ఒకటి. లావుగా ఉన్నాడని, నత్తిగా మాట్లాడుతున్నాడని, ఆడపిల్ల అని చెంప మీద కొట్టి నవ్వించడం ఇంకొకటి. రెండో రకానికి ఒక్క పిడిగుద్దు లేకపోయినా నేను పిల్లల ముందు పెట్టను. ఏడో క్లాసులో నత్తి ఉన్న ఒక అబ్బాయిని ఇంకొకడు సినిమాలో లాగే అనుకరించి క్లాసంతా నవ్వితే, ఆ నత్తి ఉన్నవాడు వారం రోజులు నోరు విప్పలేదు. అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు, నేను ఎవరిని శిక్షించాలి?

పదహారేళ్లు

నేను ఆ వయసువాణ్ని కాబట్టి చెప్తున్నా. జాకీ చాన్ సినిమాల చివర పేర్లు పడుతున్నప్పుడు, షూటింగ్‌లో గురి తప్పి నిజంగా దెబ్బలు తగిలినవి చూపిస్తారు. ఒకసారి చెట్టు కొమ్మ విరిగి పడి ఆయన పుర్రెకే గాయమైంది. చిన్నప్పుడు మా నాన్న అవి ఆపకుండా చూపించేవారు. ఫైట్ అంతా నవ్విన నేను అక్కడికి వచ్చేసరికి సైలెంట్ అయిపోయేవాణ్ని. ఫైట్లు చేసి చూడాలన్న సరదా నాకు పోయింది అప్పుడే. వద్దని ఎవరైనా చెప్తే మాత్రం దాక్కుని చూసేవాణ్ని.

పాత_రీళ్లు

ఈ అబ్బాయి మాట నాకు నచ్చింది. నేను అన్న మూకీల సంగతి కూడా అదే. కీటన్ 1928లో ఒక సినిమాలో ఇంటి ముందు గోడ మొత్తం మీద పడుతుంటే సరిగ్గా కిటికీ ఖాళీలో నిలబడ్డాడు, డూపు లేడు. కాస్త పక్కకి జరిగితే ప్రాణం పోయేది. పిల్లలకి అది కూడా చెప్పి చూపిస్తే తప్పులేదు. ఆ తలుపు సీను గురించి మాత్రం నేను వెనక్కి తగ్గుతున్నా, శబ్దం పని గారు చెప్పాక ఒక సినిమా అలా విని చూశాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ

అందరికీ థాంక్స్. నిన్న నేనూ విన్నాను, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టి. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, "పెద్దాడికి చూపించొచ్చు" అంటున్నారు, దానికి నేనూ సరే అన్నాను, మేం ఎవరైనా పక్కన ఉంటేనే. పెద్దాణ్ని ఆ తలుపు దగ్గర ఆపి "ఇతనికి తర్వాత ఏమై ఉంటుంది?" అని అడిగా. కాసేపు ఆలోచించి "వేళ్లు విరిగి ఉంటాయి, కానీ తర్వాతి సీన్లో మళ్లీ కత్తి పట్టుకున్నాడుగా" అన్నాడు. అప్పటిదాకా అది వాడికి తట్టనే లేదు.

చిన్నదానికి ఆ రెండో సగం లేదు. అత్తగారు మాత్రం నిచ్చెన సీను మళ్లీ పెట్టమన్నారు. అందరం చూశాం, నీళ్ల తొట్టి అయ్యాక ఆపేశాం. ఈసారి చిన్నది నా వైపు చూడలేదు.