తెల్ల సిమెంటు పెట్టిన దవడ పన్ను మళ్లీ గట్టిపడుతుందా?

లంక_రైతు: కింద దవడ పన్ను పుచ్చితే తెల్ల సిమెంటు పెట్టించాను. ముందు, వెనక అంచులు రెండూ తవ్వాల్సి వచ్చింది. పన్నుకి బలం తిరిగొచ్చేసిందన్నారు డాక్టరు గారు. క్యాపు వేయించకపోతే విరుగుద్దంటున్నారు మా బావ గారు. ఎవరి మాట వినమంటారు?

రాజోలు_ఆయ్: క్యాపు దండగండి. పెట్టించుకోకండి.

పాలకొల్లు_పాతకాపు: తెల్లదానికి బలమెక్కడిదండీ! చదువుకునే రోజుల్లో పెట్టించిన వెండి సిమెంటు ఇప్పటికీ కదల్లేదు. తెల్లది పెట్టించిన పన్ను మాత్రం సంక్రాంతికి పీత డెక్క కొరికితే నిలువునా చీలింది.

భీమవరం_పంటిడాక్టర్: చీలింది సిమెంటా, పన్నా? అది తేలకుండా సిమెంటుని తిట్టకండి.

పాలకొల్లు_పాతకాపు: ఏది చీలితే ఏంటండీ, నొప్పి నాదే కదా.

తాటిపాక_పిల్ల: యూరప్‌లో 2025 జనవరి నుంచి వెండి సిమెంటు దాదాపు ఆపేశారు. ఇంకా దాన్నే పొగుడుతున్నారా?

పాలకొల్లు_పాతకాపు: ఆపింది పాదరసం వల్లమ్మా, బలం లేక కాదు.

భీమవరం_పంటిడాక్టర్: అది నిజమే. వెండి సిమెంటులో సగం బరువు పాదరసమే. కానీ అది పన్నుకి అంటుకోదు. జారిపోకుండా నిలబడాలని మంచి పన్ను కూడా కొంత తవ్వాలి. తెల్లదైతే 37% ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి, బాండింగ్ అనే అతికించే మందు వేస్తే పన్నుని పట్టుకుని పక్క గోడల్ని కలిపి ఉంచుతుంది. ఆ కాసేపట్లో ఉమ్మి తగిలితే మాత్రం పట్టు పోయినట్టే. నీలం లైటు కింద గట్టిపడేటప్పుడు 2 నుంచి 3% కుంచించుకుపోతుంది కూడా. అందుకే మామూలు రకాన్ని 2 మిల్లీమీటర్ల చొప్పున పొరలుగా వేస్తాం.

రైతు గారూ, మీ అసలు సంగతి అంచులది. 1989లో ప్రయోగశాలలో చిన్న దవడ పళ్ల మీద కొలిచారు. రూట్ కెనాల్ కోసం పెట్టే రంధ్రం వల్ల పన్ను బిగువు 5% తగ్గితే, రెండు అంచులూ తెగేలా తవ్వినప్పుడు 63% తగ్గింది. సిమెంటు అందులో కొంత తిరిగిస్తుంది. పుట్టుపన్ను అంత చేస్తుందని నేనైతే చెప్పను.

పాలకొల్లు_పాతకాపు: చివరికి క్యాపు దగ్గరికే వచ్చారు! లెక్కలన్నీ అది అమ్ముకోడానికేగా.

భీమవరం_పంటిడాక్టర్: క్యాపుకి పన్ను చుట్టూ అరగదీయాలి. అక్కర్లేని పన్నుని అరగదీయడం నాకు ఇష్టం లేదు. చాలామందిని వద్దని పంపించాను. తెలియకుండా మాట అనకండి.

రాజోలు_ఆయ్: ఇద్దరూ కాస్త శాంతించండి బాబూ.

పాలకొల్లు_పాతకాపు: నా బాధ గట్టితనం గురించి కాదు డాక్టరు గారూ. ఆ రోజు "గోడ పల్చగా ఉంది, ఆ పక్కన గట్టివి కొరక్కండి" అని ఒక్క మాట చెప్పుంటే మానేసేవాణ్ని. చెప్పలేదు. చీలిక వేరు దాకా దిగి పన్ను పీకించుకోవాల్సొచ్చింది.

భీమవరం_పంటిడాక్టర్: ఆ మాట చెప్పి తీరాల్సిందే. మా కష్టం కూడా వినండి. గోడ పల్చగా ఉందంటే భయపెట్టి డబ్బు లాగుతున్నామంటారు. ఇందాక మీరన్నదీ అదే.

పాలకొల్లు_పాతకాపు: అద్దంలో చూపించండి, ఎక్స్‌రే చూపించండి. ఖరీదు ముందే చెప్పండి. అప్పుడెవడూ అనడు.

లంక_రైతు: నాకు రూట్ కెనాల్ చేయలేదు. కొరికితే నొప్పి కూడా లేదు.

భీమవరం_పంటిడాక్టర్: అయితే కంగారు లేదు. గోడలు ఎంత మందం మిగిలాయో మీ డాక్టరు గారినే అడగండి. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంటే చెప్పండి. కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే ఆగకుండా వెళ్లండి, చీలిక అలాగే మొదలవుతుంది.

పాలకొల్లు_పాతకాపు: చెప్పింది కాగితం మీద రాయించుకోండి రైతు గారూ.