మోకాలి ఇంప్లాంట్‌కి ఇన్ఫెక్షన్: తెల్లకణాలు ఏం చేస్తున్నట్టు?

గోదారోడు: మా పెద్దమ్మకి మోకాలి మార్పిడి చేశాక ఇన్ఫెక్షన్ వచ్చిందండీ, యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు వాపు తగ్గుద్ది, ఆపగానే మళ్లీ మొదలు. బయోఫిల్మ్ అంటున్నారు. మరి ఒంట్లో ఇమ్యూనిటీ దాన్ని తినేయదా?

మైక్రోపిల్ల: తినడానికే వెళ్తాయండీ న్యూట్రోఫిల్స్ (ఒకరకం తెల్లకణాలు). విడి బాక్టీరియా అయితే మింగేస్తాయి, కానీ ఇక్కడ స్టెఫైలోకాకస్ లాంటి బాక్టీరియా మెటల్‌కి అంటుకుని చుట్టూ చక్కెర పదార్థాలు, ప్రోటీన్లు, డీఎన్‌ఏతో జిగురు కట్టుకుని కూర్చుంటాయి, తొట్టి గోడకి పట్టిన పాచిలా. అదే బయోఫిల్మ్. న్యూట్రోఫిల్స్ అంత ముద్దని మింగలేక తమ ఎంజైముల్ని బయటికే వదిలేస్తాయి, దాంతో దెబ్బ తినేది ఎక్కువగా మన కండా ఎముకా!

ల్యాబ్_బాబాయ్: ఇంకోటి, స్టెఫ్ ఆరియస్ (స్టెఫైలోకాకస్‌లో ఒక రకం) బయోఫిల్మ్ మాక్రోఫేజ్‌ల్ని (బాక్టీరియాని మింగే ఇంకోరకం కణాల్ని) కూడా పోట్లాట మాన్పించి గాయం పూడ్చే పనివైపు తిప్పుద్దని ఎలకల్లో చూశారు. చాలామందికి జ్వరం కూడా రాదు, సన్నగా నొప్పే.

గోదారోడు: అయితే మందులు దండగేనా?

మైక్రోపిల్ల: దండగ కాదండీ. బయోఫిల్మ్ లోపల కొన్ని బాక్టీరియా కణాలు పెరగకుండా నిద్రపోతుంటాయి, చాలా మందులు వాటినేం చెయ్యలేవు. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ స్టెఫ్ బయోఫిల్మ్ మీద బానే పనిచేస్తుంది, కానీ ఒక్కదాన్నే ఇస్తే రెసిస్టెన్స్ (బాక్టీరియా మందుకి లొంగకపోవడం) తొందరగా వచ్చేస్తుంది, అందుకే వేరే మందుతో కలిపి ఇస్తారు. పాత ఇన్ఫెక్షన్ అయితే చాలాసార్లు ఇంప్లాంటే మార్చాల్సొస్తుంది. కీలులోంచి నీరు తీసి కల్చర్‌కి (ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకి) పంపారా, అందులో ఏం వచ్చింది?