చలి తక్కువ ఉన్న చోట ఆపిల్ చెట్టుకి ఆకులు ఎప్పుడు దూయాలి?

అందరికీ నమస్కారం. మా పెరట్లో 'అన్నా', 'డోర్సెట్ గోల్డెన్' అనే రెండు రకాల ఆపిల్ చెట్లు పక్కపక్కనే ఉన్నాయి. చాలా ఆపిల్ రకాలకి శీతాకాలంలో 7 డిగ్రీల లోపు చలి 800 గంటలైనా ఉండాలి. ఈ రెండిటికీ 300 గంటల్లోపే సరిపోతుంది, పైగా ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పనికొస్తుందని తెలిసే కలిపి పెట్టాం.

చెట్లు ఏపుగానే పెరిగాయి. ఇబ్బందల్లా, శీతాకాలం వచ్చినా ఆకు రాలదు. ముదిరి బిరుసెక్కిన పాత ఆకులు కొమ్మని పట్టుకునే ఉంటాయి. కొమ్మ చివరి మొగ్గ ఒక్కటే విచ్చుకుంటుంది, దాని కింద జానెడు మేర మొగ్గల్లో కదలికే ఉండదు. అన్నా పూత రాలిపోయాక గానీ డోర్సెట్ పూయదు. ఇక కాయ ఎలా నిలుస్తుంది?

ఇండోనేషియాలోని బాతు ప్రాంతంలో చలికాలమే లేకపోయినా, కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసేసి, అలా మొగ్గల్ని లేపి ఏడాదికి రెండు పంటలు తీస్తారు. కొమ్మల్ని అడ్డంగా వంచి కడితే పక్క మొగ్గలూ లేస్తాయి. మొగ్గలు విచ్చుకోడానికి మందులు కొట్టడం కన్నా నాకు ఈ పద్ధతే నచ్చింది.

అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి: ఆకులు దూసే ముందు నీళ్ళు ఆపాలా, ఆపితే ఎన్నాళ్ళు? రెండు చెట్లకీ ఒకే రోజు దూస్తే పూత కలుస్తుందా, లేక డోర్సెట్‌కి ముందు దూయాలా? ఏటా ఇలా చేస్తే చెట్టు నీరసిస్తుందేమోనని బెంగగా ఉంది. మీ చెట్లు ఎలా తట్టుకున్నాయి?